గుడారంలోని ప్రతి వస్తువుకూ ఒక గూఢార్థం ఉందా?

ప్రశ్న: ఈ వేసవి వీబీఎస్‌లో (సెలవుల బైబిలు బడిలో) ప్రత్యక్ష గుడారం పాఠాన్ని, అంటే మోషే కాలంలో ఇశ్రాయేలీయులు అరణ్యంలో దేవుని కోసం వేసిన మందిరపు గుడారం పాఠాన్ని, మా సంఘం నాకు అప్పగించింది. పిల్లల చేత అట్టముక్కలతో గుడారం నమూనా కూడా చేయిస్తున్నాను. మా దగ్గరున్న చార్టులో బంగారం అంటే దైవత్వం, తుమ్మకర్ర అంటే మానవత్వం, వెండి అంటే విమోచన, ఇత్తడి అంటే తీర్పు అని రాసి ఉంది. ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి, "ఇది దేవుడు చెప్పాడా, మనవాళ్లు అనుకున్నారా?" అని అడిగాడు. ఒక చిన్న పాప, "బల్ల మీద రొట్టెలు దేవుడు తింటాడా?" అంది. మా పక్కింటి ఆవిడ నమూనా చూసి, "మా గుళ్లో గర్భాలయంలాగే ఉందే" అన్నారు. ఈ ముగ్గురికీ ఏమని చెప్పాలి? (ఒక సండే స్కూలు టీచరు)

సమాధానం: సహోదరికి వందనాలు.

ముందుగా ఆ అబ్బాయి ప్రశ్నను గౌరవించండి, ఎందుకంటే లేఖనాన్ని శ్రద్ధగా చదివేవారు ఎవరైనా మొదట అడగవలసిన ప్రశ్న అదే. నిర్గమకాండం 25వ అధ్యాయం నుండి 31వ అధ్యాయం దాకా గుడారపు కొలతలు, లోహాలు, ఉంగరాలు, కొలుకులు, తెరల రంగులు ఒక్కొక్కటిగా చెప్పి, 35 నుండి 40 దాకా అవే వివరాలను చేసి ముగించిన పనిగా మళ్లీ చెబుతుంది. ఇంత ఓపికగా వివరించిన ఆ గ్రంథం "ఇది ఫలానా దానికి గుర్తు" అని నోరు విప్పి చెప్పిన చోట్లు మాత్రం చాలా కొద్ది. కాబట్టి ఒక వస్తువు దేనికి గుర్తు అని అడిగే ముందు, అది గుడారంలో ఎక్కడ ఉంది, దాని దగ్గరికి ఎవరు వెళ్లవచ్చు, అక్కడ రోజూ ఏమి చేసేవారు అని అడగడం పిల్లలకు నేర్పండి. ఇశ్రాయేలీయులకు ఆ వస్తువుల అర్థం అందింది ఆ సేవ ద్వారానే. వారి చేతిలో మన చార్టు లేదు.

మీ చార్టును చింపి పారేయమని నేను చెప్పను. అందులో కొన్ని మాటలకు గట్టి ఆధారం ఉంది, కొన్నింటికి లేదు. వెండి సంగతి చూడండి. జనసంఖ్య రాసినప్పుడు ఇరవై ఏళ్లు, ఆపై వయసున్న ప్రతి పురుషుడూ తన ప్రాణానికి పరిక్రయధనంగా అరతులము వెండి ఇవ్వాలనీ, ధనవంతుడు అంతకంటే ఎక్కువ ఇవ్వకూడదనీ, బీదవాడు తక్కువ ఇవ్వకూడదనీ 30వ అధ్యాయం చెబుతుంది. ఆ వెండి ఏమైందో 38వ అధ్యాయంలో లెక్కతో సహా ఉంది: 6,03,550 మంది ఇచ్చిన దానిలో నూరు తలాంతుల బరువుతో నూరు దిమ్మలు పోత పోశారు, మిగిలిన 1,775 తులములు స్తంభాల కొక్కేలకూ తొడుగులకూ వాడారు. నలభై ఎనిమిది పలకలకు ఒక్కొక్క దాని కింద రెండేసి చొప్పున తొంభై ఆరు దిమ్మలు, లోపలి గదిని వేరుచేసే అడ్డతెర స్తంభాల కింద నాలుగు. అంటే ఆ మందిరం మొత్తం, ఉన్నవాడూ లేనివాడూ సమానంగా ఇచ్చిన విమోచన ధనం మీద నిలబడింది. వెండిని విమోచనతో కలిపి చెప్పడం ఎవరో ఊహించిన మాట కాదని ఆ అబ్బాయికి ఈ లెక్క చూపించి ధైర్యంగా చెప్పవచ్చు.

ఇత్తడి దగ్గరికి వచ్చేసరికి సంగతి అంత సూటిగా ఉండదు. కోరహు అనే లేవీయుడితో కలిసి మోషే మీద తిరుగుబాటు చేసిన 250 మంది ఇత్తడి ధూపార్తులను (ధూపం వేసే పాత్రలను) రేకులుగా కొట్టి బలిపీఠానికి కప్పుగా వేశారనీ, అది ఇశ్రాయేలీయులకు గుర్తుగా ఉండాలని దేవుడు చెప్పాడనీ సంఖ్యాకాండం 16వ అధ్యాయంలో ఉంది. ఆ రేకు విషయంలో తీర్పు అన్న మాట నిజమే. అయితే అదే ఆవరణంలో, అదే ఇత్తడితో చేసిన గంగాళం వచ్చింది మాత్రం గుడారపు ద్వారం దగ్గర సేవ చేసిన స్త్రీల అద్దాల నుండి. ఆ రోజుల్లో అద్దమంటే మెరుగు పెట్టిన లోహపు బిళ్ల. తమ ముఖం చూసుకునే వస్తువును ఆ స్త్రీలు యాజకులు చేతులూ కాళ్లూ కడుక్కునే పాత్ర కోసం ఇచ్చేశారు. పెద్దలు తరచుగా దాటిపోయే ఈ సంగతిని మీ తరగతిలోని ఆడపిల్లలకు తప్పక చెప్పండి. దీనిలో తీర్పు లేదు, సమర్పణ ఉంది. ఇక తుమ్మకర్ర అంటే మానవత్వం అన్నదానికి నిర్గమకాండంలో ఒక్క మాట కూడా ఆధారం లేదు. సీనాయి అరణ్యంలో పలకలు కోయడానికి పనికివచ్చే గట్టి చెట్టు అదే, పురుగు పట్టకుండా చాలాకాలం నిలిచేదీ అదే. క్రీస్తు దైవమానవ స్వభావాలను తలచుకుంటూ తర్వాతి బోధకులు కర్రలోనూ బంగారంలోనూ ఆ పోలిక చూశారు. భక్తిగా ధ్యానించడానికి అది మంచిదే గాని, మోషే కాలపు అర్థంగా పిల్లలకు నేర్పడం సరికాదు.

లోహాల విషయంలో నేర్పవలసింది ఇంకొకటి ఉంది. అవి ఒక వరుసలో ఉన్నాయి. బయటి ఆవరణంలో బలిపీఠమూ గంగాళమూ ఇత్తడివి. గుడారం పలకల కింద వెండి. లోపల బల్ల, దీపవృక్షం, ధూపవేదిక, ఆజ్ఞల పలకలుంచిన మందసం అనే పెట్టె అన్నీ బంగారం. బట్ట కూడా అంతే: ఆవరణం చుట్టూ ఉన్నవి తెల్లని నారతెరలు కాగా, అడ్డతెర నీల ధూమ్ర రక్తవర్ణాల నూలుతో, కెరూబులు అనే రెక్కలున్న పరలోక జీవుల రూపాలు నేసిన పనితనంతో ఉంటుంది. మనుషులు కూడా అదే వరుసలో ఆగిపోతారు. కానుక తెచ్చిన ఇశ్రాయేలీయుడు ఆవరణం దాకా, యాజకుడు పరిశుద్ధ స్థలం దాకా, ప్రధాన యాజకుడు ఒక్కడే, అది కూడా ఏడాదికి ఒక్క దినం, అతి పరిశుద్ధ స్థలంలోకి వస్తారు. లోహం, బట్ట, మనిషి, కాలం అన్నీ కలిసి ఒకే మాట చెబుతున్నాయి: పరిశుద్ధుడైన దేవుడు జనం మధ్యలో నివసించడానికి వచ్చాడు, ఆయన దగ్గరికి మాత్రం ఆయన చెప్పిన దారిలోనే వెళ్లాలి. మీ నమూనాలో అట్టలకు రంగు వేసేటప్పుడు ఈ వరుస తప్పకుండా చూసుకుంటే పాఠంలో సగం పిల్లల కళ్లకే అందుతుంది.

ఇప్పుడు చిన్న పాప ప్రశ్న. దేవుడు ఆ రొట్టెలు తినడు. ఆ సంగతి 50వ కీర్తనలో దేవుడే చెబుతున్నాడు: తనకు ఆకలి వేసినా మనుషులతో చెప్పననీ, లోకమూ అందులోని సమస్తమూ తనవేననీ. అయితే ఆ పాపకు అలా అనిపించడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఇశ్రాయేలు చుట్టూ ఉన్న జనులు సరిగ్గా అలాగే అనుకున్నారు. బబులోను దేశపు గుళ్లలో దేవత విగ్రహం ముందు బల్ల వేసి, ప్రతిరోజూ భోజనం వడ్డించి, కొంతసేపటికి దాన్ని తీసి రాజుకు పంపేవారు. ఇశ్రాయేలు మందిరంలో కూడా బల్ల ఉంది, పళ్లెములు ఉన్నాయి, పానీయార్పణ పాత్రలు ఉన్నాయి. ఆ కాలపు మనిషి చూస్తే వెంటనే గుర్తుపట్టే భోజనపు బల్లే అది. తేడా అంతా అక్కడ జరిగే పనిలో ఉంది. లేవీయకాండం 24వ అధ్యాయం ప్రకారం పన్నెండు రొట్టెలను ఆరేసి చొప్పున రెండు దొంతులుగా ఉంచి, వాటి మీద సాంబ్రాణి పెడతారు; విశ్రాంతి దినం రాగానే కొత్తవి పెట్టి పాతవి తీస్తారు; సాంబ్రాణి మాత్రమే అగ్నిలో దేవునికి వెళుతుంది, రొట్టెలను అహరోనూ అతని సంతతివారూ పరిశుద్ధ స్థలంలోనే తింటారు. రొట్టెలు పన్నెండు, గోత్రాలు పన్నెండు. ఇశ్రాయేలీయుల పక్షాన నిత్యనిబంధనగా అని ఆ అధ్యాయమే చెబుతోంది. అంటే దేవుని ఎదుట వారమంతా ఉన్నది దేవుని ఆహారం కాదు, ఆయన పోషించే జనమే. నోబు అనే ఊరిలో యాజకుడు అహీమెలెకు ఆ రొట్టెలనే ఆకలిగా ఉన్న దావీదుకు ఇవ్వడమూ, యేసు ఆ సంగతిని విశ్రాంతి దినపు వాదంలో గుర్తుచేయడమూ మీకు తెలిసినవే.

ఇక్కడ నమూనా గురించి ఒక మాట. ఒక్కో రొట్టెకు ఏఫాలో రెండు పదో వంతుల గోధుమపిండి పడుతుంది, అంటే సుమారు నాలుగు లీటర్లకు పైగా. బల్ల చూస్తే రెండు మూరల పొడవు, ఒక మూర వెడల్పు, మన లెక్కలో 90 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు. అంత పెద్ద రొట్టెలు అంత చిన్న బల్ల మీద ఒకదాని మీద ఒకటి దొంతిగా పేర్చితే తప్ప పట్టవు. చాలా బొమ్మల్లో బిస్కెట్లంత రొట్టెలను వరుసగా పరుస్తారు. మీ పిల్లల చేత వాటిని దొంతులుగానే పెట్టించండి.

దీపవృక్షానికి కొలతలు ఎక్కడా లేవు, బరువు మాత్రం ఒక తలాంతు మేలిమి బంగారం అని ఉంది. అది ముప్పై కిలోలకు పైమాటే. దాన్ని అతికించి కాదు, ఒకే ముద్ద నుండి నకిషి పనిగా చేశారు. దాని కొమ్మలు, మొగ్గలు, బాదం పువ్వుల రూపంలోని కలశాలు చూస్తే అది చెట్టు ఆకారమని ఎవరికైనా తెలుస్తుంది. ఏదెను తోటలోని జీవవృక్షాన్ని అది తలపిస్తుందని చాలామంది పండితులు అంటారు; మందిరపు ద్వారం తూర్పున ఉండడం, ఏదెనుకు తూర్పున కావలి ఉన్న కెరూబులే అడ్డతెర మీద కనిపించడం వారి మాటకు బలం. నాకు ఆ వాదన సబబుగానే తోస్తుంది, అయినా నిర్గమకాండం ఆ మాట అనలేదు గనుక పిల్లలకు "ఇలా కూడా చూడవచ్చు" అని చెప్పి ఊరుకోండి. ఆ గుడారానికి కిటికీలు లేవనీ, దంచి తీసిన ఒలీవ నూనెతో సాయంత్రం నుండి ఉదయం దాకా ఆ దీపాలు వెలిగేవనీ మాత్రం గట్టిగా చెప్పండి. ఆకారం కోసం చాలామంది రోములోని తీతు విజయ తోరణం మీది శిల్పాన్ని చూసి గీస్తారు. ఆ శిల్పంలో ఉన్నది క్రీ.శ. 70లో యెరూషలేము నుండి రోము సైనికులు దోచుకుపోయిన రెండవ దేవాలయపు దీపవృక్షం. మోషే కాలపు దానికి అదే నకలు అని చెప్పవద్దు.

పక్కింటి ఆవిడ అన్న మాట గురించి మీరు కొంత ఇబ్బంది పడినట్టు మీ ఉత్తరం చూస్తే అనిపించింది. ఇబ్బంది అక్కర్లేదు, ఆమె గమనించినది నిజం. ఆవరణం, మధ్య గది, అన్నిటికంటే లోపల ఒక చిన్న చీకటి గది, అక్కడికి అర్హుడైన అర్చకుడు తప్ప ఎవరూ వెళ్లకపోవడం: ఈ ఏర్పాటు మన ప్రాంతపు గుళ్లలోనూ ఉంది, ప్రాచీన సిరియా, ఐగుప్తు గుళ్లలోనూ ఉంది. ముందు ఆ పోలికను ఒప్పుకోండి, ఆ తర్వాత ఆమెను లోపలి గదిలో ఏముందో చూడమనండి. గర్భాలయంలో మూలవిరాట్టు ఉంటుంది, భక్తుడు వచ్చేది ఆ దర్శనం కోసం. అతి పరిశుద్ధ స్థలంలో ఉన్నది రెండున్నర మూరల పొడవు, ఒకటిన్నర మూర వెడల్పు, ఒకటిన్నర మూర ఎత్తు ఉన్న ఒక పెట్టె. దానిలో ఆజ్ఞల పలకలు. దాని మీద బంగారు మూత, అదే కరుణాపీఠం. మూత రెండు కొసల రెక్కలు చాచి ఎదురెదురుగా ఉన్న కెరూబులు. ఆ రెక్కల మధ్య ఏ రూపమూ లేదు. అక్కడి నుండి మాట్లాడతానని దేవుడు మోషేతో అన్నాడు, ఆ మధ్య నుండే స్వరం వినబడిందని సంఖ్యాకాండం 7వ అధ్యాయం చివర ఉంది.

ఈ మందసం మీద కొంచెం ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే గుడారంలోని తక్కిన సామగ్రి అంతా దీని కోసమే. ఆ కాలంలో రెక్కల జంతువులు ఇరువైపులా ఉన్న ఆసనం అంటే రాజసింహాసనం. కనాను ప్రాంతపు మెగిద్దోలో దొరికిన దంతపు పలక మీద, బిబ్లోసు రాజు అహీరాము శవపేటిక మీద రాజులు అలాంటి ఆసనాల మీదే కూర్చుని కనిపిస్తారు. సమూయేలు గ్రంథం దేవుణ్ణి కెరూబుల మధ్య ఆసీనుడని పిలుస్తుంది, దావీదు మందసాన్ని దేవుని పాదపీఠం అంటాడు. హిత్తీయ రాజులు ఒడంబడిక చేసుకుంటే ఆ పత్రం ప్రతిని తమ దేవత గుడిలో, దేవత ఎదుట ఉంచేవారు. ఇవన్నీ తెలిసిన మనిషికి మందసం ఒక్క చూపులో అర్థమయ్యేది: ఇక్కడ కంటికి కనిపించని రాజు ఉన్నాడు, ఆయన పాదాల కింద ఆయన తన జనంతో చేసిన నిబంధన ఉంది. ఏడాదికి ఒక్కసారి వచ్చే ప్రాయశ్చిత్తార్థ దినాన రక్తం చిలకరించేది ఆ మూత మీదే, అంటే మీరిన ఆజ్ఞలకు సరిగ్గా పైన. కరుణ అన్న మాట ఆ పీఠానికి ఎందుకు దక్కిందో పిల్లలకు ఇంతకంటే విడమరిచి చెప్పనవసరం లేదు.

మందసపు మోతకర్రలను చూపించడం మాత్రం మరువవద్దు. వాటిని ఉంగరాల నుండి ఎన్నడూ తీయకూడదని ఆజ్ఞ. మోసుకుపోయే పెట్టెలు ఐగుప్తులోనూ ఉండేవి. 1922లో బయటపడిన తూతంఖామున్ సమాధిలో మోతకర్రలతో సహా అలాంటిది దొరికింది. ఇశ్రాయేలులో విశేషం ఏమిటంటే, సొలొమోను రాతితో, దేవదారుతో శాశ్వతమైన ఆలయం కట్టించి మందసాన్ని గర్భాలయంలో నిలిపిన తర్వాత కూడా ఆ కర్రలు తీయలేదు. వాటి కొనలు గర్భాలయం ఎదుట నుండి కనబడేవని రాజుల మొదటి గ్రంథం 8వ అధ్యాయం చెబుతుంది. రాజు కట్టిన ఇంట్లో ఉన్నా, ఆయన ఆ ఇంటికి కట్టుబడినవాడు కాదు. ప్రయాణంలో కూడా ఒక తేడా ఉండేది. బల్ల, దీపవృక్షం, వేదికలు అన్నిటికీ పైకప్పుగా తోలు కనబడితే, మందసానికి మాత్రం ముందు అడ్డతెర, దాని మీద తోలు, అన్నిటి మీద పూర్తిగా నీలిబట్ట పరిచేవారు. మోసే పని అప్పగించిన లేవీ వంశపు కహాతీయులు భుజాల మీద ఎత్తుకుని నడుస్తుంటే మందసం ఏదో దూరం నుండి కూడా ఆ నీలిరంగుతో తెలిసిపోయేది. పిల్లలు నమూనాను విప్పి మళ్లీ కట్టే ఆట ఆడేటప్పుడు ఒక నీలి గుడ్డముక్క దగ్గర పెట్టుకోండి.

బలిపీఠం గురించి పిల్లలు అడిగేది కొమ్ముల గురించే. దక్షిణ యూదా దేశపు బెయేర్షెబాలో 1973లో తవ్వకాలు జరుపుతుండగా ఒక గోడలో మామూలు రాళ్లుగా వాడేసిన పీఠపు రాళ్లు దొరికాయి. వాటిని తిరిగి కూర్చితే నాలుగు మూలలా కొమ్ములున్న పెద్ద బలిపీఠం నిలబడింది. చెక్కిన రాళ్లతో పీఠం కట్టవద్దని నిర్గమకాండం 20వ అధ్యాయం చెప్పినా అది చెక్కిన రాళ్లతోనే కట్టినది కావడం ఆలోచింపజేసే సంగతి. కొమ్ముల అర్థం మళ్లీ వాడుకలోనే తెలుస్తుంది. పాపపరిహారార్థ బలి రక్తాన్ని యాజకుడు వేలితో ఆ కొమ్ములకు పూసేవాడు. ప్రాణభయంతో దావీదు కుమారుడు అదోనీయా పరుగెత్తి పట్టుకున్నదీ, దావీదు సేనాధిపతి యోవాబు పట్టుకున్నదీ ఆ కొమ్ములనే. అయితే కావాలని హత్య చేసినవాణ్ణి బలిపీఠం దగ్గర నుండి కూడా లాక్కెళ్లాలని ధర్మశాస్త్రం చెప్పింది, యోవాబుకు అక్కడే మరణం వచ్చింది. ఆశ్రయం ఉంది గాని అది న్యాయాన్ని తప్పించే దొంగదారి కాదని పెద్ద పిల్లలకు చెప్పడానికి ఇది మంచి చోటు.

ధూపవేదిక విషయం తేలిక. ధూపం ప్రార్థనకు పోలిక అని 141వ కీర్తనే చెబుతోంది, యాజకుడు జెకర్యా లోపల ధూపం వేస్తున్నంతసేపూ జనం బయట ప్రార్థిస్తూ ఉన్నారని లూకా మొదటి అధ్యాయం చెబుతోంది. ఇక్కడ మీ చార్టుకూ లేఖనానికీ తేడా ఏమీ రాదు.

చివరగా, వస్తువుకొక అర్థం చెప్పే అలవాటు మన దగ్గర మొదలైంది కాదని ఆ అబ్బాయికి చెప్పండి. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ పన్నెండు రొట్టెలను పన్నెండు నెలలుగా, ఏడు దీపాలను ఏడు గ్రహాలుగా, తెరలోని నాలుగు రకాల నూలును పంచభూతాలలోని నాలుగింటిగా వివరించాడు. ఆయన యాజక వంశంలో పుట్టి, ఆ దేవాలయాన్ని కళ్లారా చూసినవాడు, అయినా ఆయన వివరణ మోషే గ్రంథంలో లేనిది. హెబ్రీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం చూడండి. దీపవృక్షం, బల్ల, మందసం, కెరూబులు అన్నీ పేరుపేరునా చెప్పిన తర్వాత వాటి గురించి ఇప్పుడు వివరంగా చెప్పలేమని ఆ రచయిత అక్కడితో ఆపి, నేరుగా ప్రధాన యాజకుడు తెర లోపలికి వెళ్లే విషయానికి వచ్చేస్తాడు. గుడారమంతా క్రీస్తును చూపిస్తుందని నమ్మిన ఆయన ఆ చూపును ఉంగరాల మీద, కొలుకుల మీద నిలపలేదు. లోపలికి వెళ్లడం మీద, రక్తం మీద, తెర మీద నిలిపాడు. మీ చార్టు మీద కూడా లేఖనం స్వయంగా చెప్పినవాటికి ఒక రంగు, తర్వాతి బోధకుల ధ్యానాలకు ఇంకొక రంగు పెట్టి పిల్లల చేతనే గుర్తు పెట్టించండి. వచన సంఖ్య చూపించలేని వాటికి రెండో రంగు వేయాలన్నది నియమంగా పెట్టుకుంటే ఆ అబ్బాయే అందరికంటే ముందుంటాడు.

నమూనా ఎక్కడ మొదలుపెట్టాలని కూడా మీరు తేల్చుకోవలసి ఉంటుంది. దేవుని ఆజ్ఞలు మందసంతో మొదలవుతాయి గనుక పాఠాన్ని మందసంతోనే మొదలుపెట్టండి. పని మాత్రం ఆ గుడారాన్ని తయారుచేసిన శిల్పి బెసలేలు చేసిన క్రమంలో చేయించండి: అతడు ముందు తెరలు, పలకలు, దిమ్మలు సిద్ధం చేసి, ఆ తర్వాతే మందసానికి చేయి పెట్టాడు. పిల్లలు మొదటి రోజే బంగారు కాగితం అడుగుతారు. దాన్ని మూడో రోజు దాకా బయటికి తీయకండి.